తీగ లేని మైకు

"వస్తుండక్కా! రేపే వస్తుండు!"

ఆశా వర్కర్ జానమ్మ గల్లీ మొగదలనే స్కూటీ ఆపి, అక్కడి నుంచే కేక వేసింది. పైపుల కోసం గల్లీని నిలువునా తవ్విపెట్టారు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని మట్టికుప్పల మీంచి మేకపిల్లలా దూకుతూ వస్తోంది కానీ, నోటికి మాత్రం విరామం ఇవ్వడం లేదు.

"మనం యాడికి పోవుడు లేదు! పాలమూరు నుంచి మనసు డాక్టరే మన ఎర్రకుంట దవాఖానకు..."

మిగతా మాట బయటికి రాలేదు. జొన్నరొట్టె కొడుతున్న ప్రమీలమ్మ పిండిచేతితోనే వాకిట్లోకి ఉరికి జానమ్మ నోరు మూసేసింది.

"మెల్లగనే తల్లీ, నీకు దండం పెడ్త! పక్కింట్ల నర్సింగమ్మవ్వ ఉన్నది."

చెయ్యి తీసేసరికి జానమ్మ ముఖం మీద అయిదు వేళ్లూ తెల్లగా అచ్చుపడ్డాయి. గడపలో నిలబడ్డ ప్రణీతకు నవ్వు ఆగలేదు. నవ్వుతోపాటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

కొత్తకోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమెకు ఏదో ఒక సంతోషం దొరకని రోజు లేదు. షాద్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి వస్తూ భర్త నవీన్ బస్టాండులో కట్టించుకొచ్చే వేడి మిర్చీలు సంతోషం. డాబా మీద పాత సౌండు బాక్సును బోర్లించి, దాని మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని తాగే చాయ్ సంతోషం. ఆఖరికి అత్త ప్రమీలమ్మ తిట్టే తిట్లలో కొత్త మాట ఒకటి దొరికినా సంతోషమే. కానీ ఇంత పెద్ద సంతోషం ఇదే మొదటిసారి. మనసు డాక్టరు! రేపే! నడిచి పోయేంత దూరంలో!

"రేపు పొద్దుగాల తొమ్మిదికి కూసుంటడు. మళ్ల రావాల్నంటె వచ్చే నెలనే," జానమ్మ ఇప్పుడు గొంతు తగ్గించింది. "అన్న పేరు నేనే రాయించిన. తోల్కొని వస్తె సాలు."

ముగ్గురి చూపులూ లోపలి గదిలోకి పోయాయి.

యాంప్లిఫయర్లు, చుట్టచుట్టిన వైర్లు పేర్చిన అరల కింద, గోడ వైపు తిరిగి మామ దశరథం పడుకుని ఉన్నాడు. 'దశరథం సౌండ్స్' అంటే ఎర్రకుంటలో తెలియని వాళ్లు లేరు. ఎవరింట పెళ్లయినా, ఎవరు పోయినా, రేషను బియ్యం వచ్చినా, నల్లా నీళ్లు రాకపోయినా, ఆటోలో కూర్చుని ఊరికి చెప్పేది ఆయన గొంతే. కొడుకు పెళ్లిలో మైకు పట్టుకుని చుట్టాలను పేరుపేరునా భోజనానికి పిలిచిన మనిషి, ఆ తర్వాత కొద్దికొద్దిగా మాట తగ్గించాడు. తిండి తగ్గించాడు. ఇప్పుడు గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు. ఏమైందయ్యా అంటే ఏమీ కాలేదంటాడు. నిజంగానే ఏమీ కాలేదు. అదే చిక్కు.

ఊరికి మాత్రం గొంతు పోయిందని చెప్పింది ప్రమీలమ్మ. మైకు మనిషికి గొంతు పోవడం గౌరవమైన జబ్బు. ఆ మాట పొక్కినప్పటి నుంచి ఇంటికి శొంఠి, మిరియాలు, కరక్కాయ, తేనె వస్తూనే ఉన్నాయి. పక్కింటి నర్సింగమ్మవ్వ అయితే రోజూ తెల్లవారకముందే ఇత్తడి చెంబునిండా కషాయం తెచ్చి అరుగు మీద పెడుతుంది. దశరథం తాగడు. పారబోస్తే అవ్వ చూస్తుంది. అందుకని నవీన్ తాగుతున్నాడు. ఈ మధ్య నవీన్ గొంతు గుడిగంటలా మోగుతోంది.

"పోవుడు లేదు," అన్నది ప్రమీలమ్మ.

"అత్తా!"

"ఏంది అత్త? పట్నం దవాఖాన అంటె ఒప్పుకున్న. ఆడ మనల ఎరికైనోళ్లు ఎవలుంటరు? ఈడ ఊరి నడిమిట్ల, అందరు చూస్తుంటె, పిచ్చి డాక్టరు ముందర లైన్ల కూసోవెడ్తవా మీ మామను?"

"పట్నం తోల్కపోతే ఏమైంది అత్తా? కండక్టరు టికెట్ కొట్టకముందే మామ బస్సు దిగి వాపస్ వచ్చిండు. మనమేమో సీట్ల కూసోని జడ్చర్ల దాక పోయినం."

జానమ్మ నవ్వబోయి, ప్రమీలమ్మ చేతికి ఇంకా పిండి ఉండటం చూసి మానుకుంది.

"పిచ్చి డాక్టరు కాదక్కా, మనసు డాక్టరు," అన్నది.

"రెండొకటే. రేపటి సంది పెండ్లిలకు మనల ఎవలు పిలుస్తరు? పిచ్చి దశరథం సౌండ్స్ అంటరు. బోర్డు మార్పియ్యాలె ఇగ!"

"ఇంకొక మాట ఉన్నదక్కా." జానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "డాక్టరు వచ్చేది జనానికి తెల్వాలె గద. ఇయ్యాల పొద్దుమూకెలోపు ఊరంత మైకుల చెప్పియ్యమన్నరు దవాఖానోళ్లు. దశరథమన్న మైకు అయితెనే మంచిగుంటదని నేనన్న. మీకు కష్టమైతదంటె చెప్పు, ఐలేశం డీజేకు ఇస్త."

ప్రమీలమ్మ నిటారుగా నిలబడింది.

"ఐలేశమా? వాని మైకుల మాట తప్ప అన్ని వినవడ్తయ్! ఊరికి మేము చెప్పుడు ఎప్పటి సంది? మేమే చెప్తం."

"మనసు డాక్టరు వస్తుండని చెప్తరా అక్కా?"

"మనసు డాక్టరో, పండ్ల డాక్టరో! ఆర్డరు ఆర్డరే!"

అట్లా, జానమ్మ నోరొక్కటి మూయించిన ఇల్లే అదే మాటను రెండు హారన్ స్పీకర్లు పెట్టి ఊరంతా వినిపించడానికి ఒప్పుకుంది.

మాట్లాడేది ఎవరు? ఇంట్లో మైకు మనిషి గోడ వైపు తిరిగి ఉన్నాడు. నవీన్‌కు మైకు పట్టుకుంటే చెమటలు పడతాయి. ప్రణీత చెయ్యి ఎత్తింది. భువనగిరి డిగ్రీ కాలేజీలో వక్తృత్వ పోటీలో గెలుచుకున్న స్టీలు గిన్నె ఆమె పెళ్లి సామానుతోపాటే ఈ ఇంటికి వచ్చింది. ఇప్పుడు అందులో పెరుగు తోడుపెడుతున్నారు.

నవీన్‌కు ఆ రోజు సెలవు. ఆటో గల్లీలోకి రాదు కాబట్టి దాన్ని గల్లీ మొగదల, బజారు వైపు ముఖం పెట్టి నిలబెట్టాడు. పైన రెండు హారన్లు కట్టాడు. బ్యాటరీ, యాంప్లిఫయరు సర్దాడు. తర్వాత ఇంట్లోకి వచ్చి, తాను కొత్తగా కొన్న కార్డ్‌లెస్ మైకును ప్రణీత చేతిలో పెట్టాడు. పెట్టినవాడు వెంటనే వేళ్లు తీసుకుంటే సరిపోయేది.

"వదులు నవీన్, అత్త చూస్తది," అన్నది ప్రణీత సిగ్గుపడుతూ.

"ఆటోల పెట్రోలు లేదు. తెస్త. అంతల నేర్చుకో." వేళ్లు వదిలి, సీసా పట్టుకుని దొడ్డిదారిన బంకుకు పోయాడు.

పక్కనే గుర్వయ్య పిండి గిర్ని గడగడమంటోంది. అది నడిచినంతసేపూ ఈ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడుకుంటారు. ప్రమీలమ్మ రొట్టెను పెనం మీద వేసి వచ్చి మైకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని తీగేది?"

"దీనికి తీగ ఉండదత్తా."

"తీగ లేంది ఎట్ల మోగుతది? గీ ఇంట్ల ఇన్నేండ్ల సంది ఉన్న నేను. తీగ పెడితెనే మోగుతది. ఉత్త బొమ్మ గిది. సరె, దీంతోనే నేర్చుకో."

"ఆటోల సౌండు మిషన్ వేస్తేనే మోగుతది లే అత్తా," అంటూ ప్రణీత గొంతు సవరించుకుంది. ఎడమ చెయ్యి గాల్లోకి లేపింది. "ప్రియమైన పట్టణ ప్రజలారా! మానసిక కుంగుబాటుతో, నిరాశా నిస్పృహలతో సతమతమవుతున్న సోదర సోదరీమణులారా!"

"ఆగాగు. నిరాశ, నిస్పృహ ఎవలు? అక్కచెల్లెండ్లా?"

"అంటే బాధ అత్తా!"

"బాధ లేనోడు ఎవడున్నడు? బాధ ఉన్నోళ్లు రమ్మంటె ఊరంత వస్తది. డాక్టరు గోడ దుంకి ఉరుకుతడు."

"మరి ఎట్ల చెప్పాలె? మామకు ఎట్లున్నదో గట్లనే చెప్దమా?"

"మీ మామకు గొంతు పోయింది," అన్నది ప్రమీలమ్మ, ఊరికి చెప్పి చెప్పి అలవాటైన గొంతుతో.

ప్రణీత ముఖంలో నవ్వు మాయమైంది.

"గొంతు కాదత్తా! మామ గొంతు మంచిగనే ఉన్నది. మనసు బాగలేదు. నాకు తెలుసు, నీకు తెలుసు. ఎన్ని దినాలు గొంతు గొంతు అనుకుంట తిరుగుదం? నవీన్ ఆ కషాయం తాగలేక చస్తుండు!"

"మెల్లగ మాట్లాడు పిల్లా!" అని గిర్నిని మించి అరిచింది ప్రమీలమ్మ.

ప్రణీత మైకును మంచం మీద పడేసింది. ఇప్పటిదాకా నవీన్‌కు కూడా చెప్పని మాట ఒకటి ఆమె దగ్గర ఉంది. జానమ్మను పట్టుకుని ఆ డాక్టరు కోసం వెంటపడింది కూడా ఆ మాట వల్లే. అత్త చెవి దగ్గరికి వంగి, గుసగుసగా చెప్పేసింది.

మొన్న డాబా మీద ఆమె బట్టలు తీస్తుంటే మామ వచ్చి పిట్టగోడ పక్కన నిలబడ్డాడు. చాలాసేపు కిందికి చూశాడు. తర్వాత, ఎండ బాగా కొడుతోంది గదా అన్నంత మామూలుగా, "నేను లేకున్న ఇల్లు నడుస్తది గద బిడ్డా," అన్నాడు. ప్రణీత ఆయన చెయ్యి పట్టుకుని, చాయ్ పెడ్తానని వంక చెప్పి కిందికి తీసుకొచ్చింది.

ప్రమీలమ్మ మంచం అంచున కూర్చుంది.

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఈ ఇంట్లో రొట్టె మాడితే పెద్ద రభస అవుతుంది. ఈసారి ఎవరూ లేవలేదు. ప్రమీలమ్మ గోడ గడియారం వైపు, తలుపు వైపు, తన పిండిచేతుల వైపు చూసుకుంది. తర్వాత మంచం మీది మైకును తీసి, రెండు చేతులా పట్టుకుంది.

"నేను చెప్త, ఇను. ఇట్ల చెప్పు ఊరికి."

"చెప్పత్తా."

"పండుకుంటరు గని నిద్రపోరు. గసోంటోళ్లు రావాలె." గిర్ని చప్పుడు మీదుగా ఆమె గట్టిగా, మెల్లగా చెప్పసాగింది. "పళ్లెంల అన్నం కలుపుతరు, కలుపుకుంటనే కూసుంటరు, నోట్లె వెట్టుకోరు. పక్కపొంటి కూసోని పిలిస్తె గూడ యాడనో ఉన్నట్టు చూస్తరు. ఏమైందయ్యా అంటె ఏం గాలేదంటరు. మనకు కోపమొస్తది. ఏం గాకుంటె లేచి తిరుగు మరి అంటం. లేవరాదు వాళ్లకు. గది మనకు సమజ్ గాదు."

ప్రణీత వింటోంది. స్టీలు గిన్నె అత్తకు ఇచ్చేయాలనిపించింది.

"నేనైతె ఊరందరికి గొంతు పోయిందని చెప్పిన," ప్రమీలమ్మ ఆపలేదు. "సిగ్గైంది నాకు. ఆయన్ను గోడ దిక్కు వదిలేసి, నేను ఊరికి జవాబులు చెప్పుకుంట తిరిగిన. మీరు గట్ల చెయ్యకుండ్రి."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను తిరగడం ఆగింది. గిర్ని రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. ఉన్నట్టుండి ఇంట్లో అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ప్రమీలమ్మ ముక్కు తుడుచుకుని, "మా ఆయన మంచోడు," అన్నది.

"మా ఆయన మంచోడు," అన్నది బజారు.

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎవలది గా గొంతు?" అన్నది ప్రమీలమ్మ.

"ఎవలది గా గొంతు?" అని గల్లీ మొగదల నుంచి రెండు హారన్లూ కలిసి అడిగాయి.

లోపలి గది గడపలో చప్పుడైంది. దశరథం ఒక చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నోరు తెరిస్తే వాడక తుప్పుపట్టిన గేటులా గొంతు గీరుకుంటూ వచ్చింది.

"ప్రమీలా. మైకు ఆన్ ఉన్నది."

ఊరంతా విన్నందుకు తల ఎక్కడ పెట్టుకోవాలో, మామ మాట్లాడినందుకు ఎగిరి గంతేయాలో ప్రణీతకు తేలలేదు. రెండూ సగం సగం చేయబోయి మంచం కోడుకు కాలు కొట్టుకుంది.

"అమ్మా!" దొడ్డిదారిన నవీన్ ఉరికొచ్చాడు. సీసాలో పెట్రోలు సగమే ఉంది, మిగతాది చొక్కా మీద ఉంది. "నేనే మిషన్ బంద్ చెయ్యలే! ఆన్ చేసి చూసిన, మర్చిపోయిన! బంకు దాక వినవడ్డది!"

"ఎంత వినవడ్డదిరా?"

"అంత వినవడ్డదమ్మా. నేను కషాయం తాగుడు గూడ."

ముందు తలుపులోంచి నర్సింగమ్మవ్వ లోపలికి వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు ఉంది, ఖాళీగా.

"ప్రమీలా! నా కషాయమంత గొంతుకు అనుకుంట తీస్కున్నవా? మనసుకని ఒక్క మాట చెప్తె నేను వేరె కాస్తుంటి గద!"

"తప్పైంది అవ్వా. నువ్వేమో రోజు చీకట్లనే లేచి..."

"లేచుడేంది? పండుకుంటె గద లేచుటానికి! ముసలాయన పోయిన సంది నాకు నిద్రెక్కడిది?" అవ్వ చెంబును అరుగు మీద ఠప్పున పెట్టింది. "పొయ్యి ముందర కూసుంట. ఉత్తగ కూసుంటె ఏం బాగుంటదని కషాయం కాస్త. నువ్విప్పుడు చెప్పినవి గద, గవన్ని నాకున్నయ్. అన్నం తినకపోవుడు ఒక్కటి లేదు. తిండి నేను మంచిగనే తింట. గా డాక్టరు నన్ను గూడ చూస్తడా?"

ప్రణీత తల ఊపింది. అవ్వ ఊరుకోలేదు.

"నడిమిట్ల ఏదో గుసగుసలాడిండ్రు. గదొక్కటి వినరాలే. ఏంది గది?"

దశరథం ప్రణీత వైపు చూశాడు. ప్రణీత తల దించుకుంది. ప్రమీలమ్మ ఇద్దరికీ అడ్డంగా వచ్చి నిలబడింది.

"గది మా ఇంటి మాట అవ్వా," అన్నది మెత్తగా.

"సరె తియ్యి. ఏమే పిల్లా, మొగన్ని పేరు వెట్టి పిలుస్తున్నవ్? వదులు నవీన్ అంటె బజారంత నవ్వింది!"

నవీన్‌కు దగ్గు వచ్చింది. అంత కషాయం తాగిన గొంతుకు రావలసిన దగ్గు కాదది.

"నేను పోయి మిషన్ బంద్ చేస్త," అని తిరిగాడు.

"ఆగు. బంద్ చెయ్యకు." ప్రమీలమ్మ భర్త దగ్గరికి పోయింది. అడగడానికి ఆమెకు చాలా ధైర్యం కావలసి వచ్చింది. ఐలేశాన్ని తిట్టడానికి ఎప్పుడూ అంత ధైర్యం అవసరం పడలేదు. "రేపు పోదమా?"

దశరథం ఆమె ముఖం చూడలేదు. ఆమె చేతిలోని మైకును చూశాడు.

"టైము చెప్పలే," అన్నాడు.

"ఏంది?"

"డాక్టరన్నరు, దవాఖానన్నరు. గంతసేపు చెప్పి టైము చెప్పకపోతిరి. జనం ఎప్పుడు రావాలె?"

అంతే. తలుపు వదిలి, గోడ పట్టుకుని, గదిలోకి వెళ్లి మళ్లీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అత్తాకోడళ్లు, నవీన్ ఒకచోట చేరారు. ప్రమీలమ్మకు ఇప్పుడు ఏ మీట మీదా నమ్మకం లేదు. జానమ్మ నోరు మూసినట్టే మైకును అరచేత్తో గట్టిగా మూసింది.

"వస్తనన్నట్టా, రానన్నట్టా?" ప్రణీత గుసగుసలాడింది.

"రానోడు టైము ఎందుకు అడుగుతడు?"

"బాపు సంగతి తెల్వదా అమ్మా?" అన్నాడు నవీన్. "ఎవల ప్రకటనైన టైము అడుగుతడు. తను పోయినా పోకున్నా."

ప్రమీలమ్మకు కొడుకు మాట నిజమని తెలుసు. ప్రణీతకూ తెలుసు. రేపు దాటితే వచ్చే నెల. వచ్చే నెల దాకా డాబా మెట్లకు ఎవరు కాపలా కూర్చోవాలి?

గల్లీ మొగదల నుంచి ఎవరో కేకేశారు: "ఆగిపోయిందేంది? వినొస్తలేదు! టైము చెప్పుండ్రి!"

ప్రమీలమ్మ అరచెయ్యి తీసింది. నల్లటి మైకు మీద అయిదు వేళ్లూ తెల్లగా అచ్చుపడ్డాయి. ఆమె దశరథం చేసినట్టే ముందు ఫూ ఫూ అని ఊదింది. బజారు కూడా ఊదింది.

"ఎర్రకుంట పట్టణ ప్రజలకు, సుట్టుపక్కల పల్లెల అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్లకు! రేపు పొద్దుగాల తొమ్మిది గంటలకు సర్కారు దవాఖానల మనసు డాక్టరు కూసుంటడు. మళ్లొకసారి చెప్తున్న, తొమ్మిది గంటలకు. లైన్ల మొదాలు మా ఆయన ఉంటడు. ఆయన ఎన్క నర్సింగమ్మవ్వ ఉంటది. ఎన్క ఎవలొస్తరో మీ ఇష్టం. కషాయాలు మాత్రం ఎవలు తేవద్దు."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. మామ ఇటు తిరిగాడో, ఇంకా గోడలోకే జరిగాడో, కరెంటు లేని ఆ గదిలోకి తొంగి చూసినా ప్రణీతకు తెలియలేదు.

ప్రమీలమ్మ కూడా ఆ చప్పుడు విన్నది. ఒక్క క్షణం ఆగి, మైకును నోటికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది.

"లేవనంటె మంచంతోనే పట్టుకొస్తం. దవాఖానోళ్లు జర జాగ ఖాళీ వెట్టుండ్రి."